భీమశంకరం గారి కారు రెక్క

వక్కలంక భీమశంకరం మంచివాడు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. తర్వాత చెబితే మీరు నమ్మరు.

ఆయన పనిచేసేది ప్రాంతీయ సమన్వయ, పునస్సమన్వయ మండలిలో. ఆ మండలి ఏం చేస్తుందని మాత్రం అడక్కండి. దేన్నో సమన్వయం చేస్తుంది. అది సరిగ్గా కుదరకపోతే మళ్ళీ సమన్వయం చేస్తుంది. అందులో నిబంధనల విభాగానికి భీమశంకరం అధిపతి. విభాగంలో ఉన్నది ఆయనొక్కడే కాబట్టి అధిపతీ ఆయనే, సిబ్బందీ ఆయనే. ఇరవయ్యేడేళ్ళుగా జనం వచ్చి "ఇది చేసుకోవచ్చాండీ?" అని అడగడం, ఆయన "కుదరదండీ" అనడం. ఎంత మర్యాదగా అనేవాడంటే, కుదరదనిపించుకున్నవాళ్ళు కూడా దణ్ణం పెట్టి మరీ వెళ్ళేవాళ్ళు.

మండలి నియమావళిలో పద్నాలుగో నిబంధన ఆయన సొంత రచన. ఎనిమిదేళ్ళ కిందట ఒక గుమస్తా తన మోటారుసైకిలుకి పాటలు పాడే హారను పెట్టించుకున్నాడు. అది ఓ సంతాప సభలో, సరిగ్గా రెండు నిమిషాల మౌనం మధ్యలో, పెళ్ళి బాజా వాయించింది. కార్యదర్శి మండిపడ్డాడు. ఆ సాయంత్రానికల్లా భీమశంకరం రాసిచ్చాడు: "మండలి ఆవరణయందు నిలుపు సిబ్బంది వాహనముల మూలస్వరూపములో ముందస్తు అనుమతి లేనిదే ఎట్టి మార్పు, చేర్పు, తీసివేత జరుపరాదు. అట్టి దానిపై విచారణ ముగియునంతవరకు సదరు వాహనము ఇంటికిని, కార్యాలయమునకును నడుమ తప్ప అన్యత్ర సంచరింపరాదు."

నిజానికి మొదట "మార్పు, చేర్పు" అనే రాశాడు. చదువుకుంటే రెండు మాటలతో వాక్యం బోసిగా కనిపించింది. నిబంధన అన్నాక మూడు మాటలన్నా లేకపోతే నిండుదనం ఏముంటుందని "తీసివేత" కూడా తగిలించాడు. ఆ రాత్రి ఇంట్లో పైకి చదివి వినిపిస్తే ఆయన భార్య బాలాత్రిపురసుందరి, ఇంట్లో అందరికీ బాల, "మంత్రంలా ఉందండీ" అంది. ఆయన నెలరోజులు ఆ మాట మీదే బతికాడు.

ఇక కారు సంగతి. ఇరవయ్యేళ్ళ పైచిలుకు స్కూటరు నడిపాక, యాభైమూడో ఏట భీమశంకరం ఒక హ్యాచ్‌బ్యాక్ కారు కొన్నాడు. వాడిన కారే. బూడిద రంగు, వెనకాల డిక్కీ పొడుచుకురాకుండా కోసేసినట్టుండే బుల్లి కారు. కారు ఇంటికొచ్చిన రోజున బాల ఒకటే కోరిక కోరింది.

"నన్ను ఉప్పాడ తీసుకెళ్ళండి. సముద్రం చూడాలి."

ఉప్పాడ వాళ్ళ ఊరికి గంటన్నర దూరం. పెళ్ళయి ఇరవయ్యారేళ్ళయింది. బాలది మెట్ట ఊరు. చెరువు తప్ప పెద్ద నీళ్ళు చూసి ఎరగదు. పెళ్ళయిన కొత్తలో "వచ్చే ఆదివారం వెళ్దాం" అన్నాడు భీమశంకరం. ఆ ఆదివారం ఎండ. తర్వాతది వాన. ఆ తర్వాత ఆడిట్. ఆడిట్ అయ్యాక మళ్ళీ ఎండ. అలా ఇరవయ్యారేళ్ళు. ఇప్పుడు కారొచ్చింది కదా, ఇంక ఎండా లేదు వానా లేదు. ఆదివారం తెల్లారి బాల పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకుని, జరీ అంచు చీర కట్టుకుని ముందు సీట్లో కూర్చుంది.

భీమశంకరం తాళాలు పట్టుకుని కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. వెనక్కి వచ్చి ఆగిపోయాడు.

"బాలా, ఒకసారి దిగి చూడు. వెనక బోసిగా లేదూ?"

ఎందుకనిపించిందో చెప్తాను. ఆఫీసులో ఈయన కారు పక్కనే జూనియర్ అసిస్టెంట్ తేజ కారు నిలబడుతుంది. అదే కంపెనీ, అదే మోడలు, అదే బూడిద రంగు. కానీ దాని వెనక అద్దం మీద, పైకప్పు అంచున ఒక స్పాయిలర్ ఉంది. ఆ చిన్న రెక్క వల్ల జనం దాన్ని "తేజ గారి స్పోర్ట్స్ కారు" అనేవాళ్ళు. ఈయన కారుని "ఆ పక్కది" అనేవాళ్ళు. మనిషి దేన్నయినా ఓర్చుకుంటాడు గానీ, యాభైమూడేళ్ళకి కొన్న మొదటి కారుని "ఆ పక్కది" అంటే ఎలా ఓర్చుకుంటాడు చెప్పండి?

"స్పాయిలర్ పెట్టించుకుని వచ్చే ఆదివారం దర్జాగా వెళ్దాం" అన్నాడు.

బాల డబ్బా పట్టుకుని దిగింది. పులిహోర ఇంట్లోనే తిన్నారు.

ఆ మధ్యాహ్నమే ఇద్దరూ దంగేటి సత్తిబాబు కొట్టుకి వెళ్ళారు. కార్లకి సీటు కవర్లు, పాటల పెట్టెలు, అద్దాల ఫిల్ములు వేసే కొట్టు. గోడ నిండా స్పాయిలర్లు వేలాడదీసి ఉన్నాయి.

"ఏ మోడలండీ?" అన్నాడు సత్తిబాబు. "సన్నంది కావాలా, చూరులా వచ్చేది కావాలా, లేపోతే కాళ్ళున్నది కావాలాండీ?"

కాళ్ళున్నది రెండు కాళ్ళ మీద లేచిన బల్లలా ఉంది. భీమశంకరం కళ్ళు దాని మీదే నిలబడ్డాయి.

"దీని మీద వడియాలు పెట్టుకోవచ్చు" అంది బాల.

ఆ మాటతో దాని పని అయిపోయింది. సన్నదాన్ని తీసి పెట్టి చూస్తే ఉందో లేదో తెలియలేదు. చివరికి చూరులాంటిది తేలింది. అందులో మళ్ళీ ఫైబరా, ప్లాస్టిక్కా, బ్రేకు లైటు ఉన్నదా, లేనిదా, ఈ బూడిదా, ఆ బూడిదా అని మూడు గంటలు. పెళ్ళిచూపుల్లో భీమశంకరం అయిదు నిమిషాల్లో తలూపాడని బాల సత్తిబాబుకి చెప్పింది కూడాను.

అంతా అయ్యాక భీమశంకరానికి వృత్తిధర్మం గుర్తొచ్చింది. "ఇంతకీ దీనివల్ల ఉపయోగం ఏమిటయ్యా?"

"లుక్కండి."

"లుక్కు సరే, ఇది చేసే పని?"

"లుక్కే దాని పనండి. ఆయ్." ఆయన ముఖం చూసి సత్తిబాబు జాలిపడ్డాడు. "నూటపది దాటితే గాలి దీన్ని కిందకి నొక్కి, కారుని రోడ్డుకి అంటిపెడతాదంటారండీ. మన రోడ్ల మీద నూటపదిలో ఎల్తే గాలిదాకా ఎందుకండీ, గొయ్యే అంటిపెట్టేస్తాది."

బిగింపు మొదలైంది. సత్తిబాబు డిక్కీ తలుపు పైభాగాన్ని స్పిరిట్ గుడ్డతో తుడిచాడు. కొలిచి పేపరు టేపు అంటించాడు. తర్వాత డ్రిల్లు తీశాడు. భీమశంకరం చెయ్యి అడ్డం పెట్టాడు.

"చిల్లులు లేకుండా కుదరదా?"

"టేపుతో అంటించెయ్యొచ్చండి. స్పీడు బ్రేకరు దగ్గర మీరు ముందుకీ, అది వెనక్కీ ఎల్లిపోతారు."

చిల్లులు పొడుస్తున్నంతసేపూ భీమశంకరం వేరేవైపు తిరిగి నిలబడ్డాడు. రెండు బోల్టులు, మధ్యలో టేపు, పైనుంచి పది నిమిషాలు అరచేతులతో అదిమిపట్టడం. రేపటిదాకా నీళ్ళు తగలనివ్వొద్దన్నాడు సత్తిబాబు. కొట్టు అద్దంలో కారు వెనకభాగం చూసుకుంటే భీమశంకరానికి పదేళ్ళు తగ్గినట్టనిపించింది. ఇంటికి ముప్పై కిలోమీటర్ల వేగంతో వచ్చాడు. దారిపొడుగునా రోడ్డు కన్నా అద్దమే ఎక్కువ చూసుకున్నాడు. వెనకాల కూర్చున్న రెక్క అద్దంలో కనిపించదన్న సంగతి ఇంటికొచ్చాకే తట్టింది.

సోమవారం పొద్దున్న కారుని తేజ కారు పక్కనే పెట్టి, దిగి, కావాలనే ఒక నిమిషం అక్కడే నిలబడ్డాడు. తేజ వచ్చాడు. చూశాడు.

"అదిరింది సార్! ఎక్కడ పెట్టించారు?" అన్నాడు. ఆ వెంటనే గొంతు తగ్గించాడు. "సార్... మాదంటే కంపెనీ నుంచే అలా వచ్చింది. అది మూలస్వరూపం. మీది పెట్టించారు కదా. పద్నాలుగు..."

ఎనిమిదేళ్ళుగా ఊరందరికీ ఒప్పజెప్పిన నిబంధన, సరిగ్గా అవసరమైన రోజున భీమశంకరానికే గుర్తు రాలేదు. తను తీసిన గోతిలో తనే, అదీ కారుతో సహా.

"ఎవరు చూస్తారు సార్? నేను చెప్పను, వదిలెయ్యండి" అన్నాడు తేజ మంచితనం కొద్దీ.

వదిలెయ్యడం భీమశంకరానికి చేతకాదు. గేటు దగ్గర వాచ్‌మన్ కొండయ్య సైకిలు ముందు కడ్డీకి మనవరాలి కోసం బిగించుకున్న చిన్న సీటుని, ఈ నిబంధన కిందే ఊడదీయించాడు. ఇప్పుడు తన దాకా వచ్చేసరికి వదిలేస్తే, రోజూ ఆ కొండయ్య పెట్టే సలాం ఏ మొహంతో తీసుకుంటాడు?

కాబట్టి పదకొండు గంటలకి, నిబంధనల విభాగాధిపతి హోదాలో, భీమశంకరం వక్కలంక భీమశంకరానికి మెమో ఇచ్చాడు. పదకొండు పదికి "అందినది" అని సంతకం పెట్టి తీసుకున్నాడు. ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. ఏడు రోజులెందుకని భోజనం వేళలో కూర్చుని రాసిచ్చేశాడు: "కారు వెనుక బోసిగా ఉన్నందున పెట్టించితిని. నిబంధన జ్ఞాపకము రాలేదు. మన్నించగలరు." మూడు గంటలకి విభాగాధిపతిగా దాన్ని చదివి ఒళ్ళు మండిపోయింది. నిబంధన జ్ఞాపకం రాలేదా! బాధ్యత గల ఉద్యోగి రాయాల్సిన జవాబేనా ఇది? "సంజాయిషీ సంతృప్తికరముగా లేదు. ఉద్యోగి ధోరణి నిర్లక్ష్యపూరితము" అని రాసి ఫైలు పైకి పంపించాడు. పంపించాక కుర్చీలో వెనక్కి వాలి, ఎవరిని తిట్టుకోవాలో తెలియక, టీ తెప్పించుకున్నాడు.

సాయంత్రం బాలకి చెప్పక తప్పలేదు.

"విచారణ అయ్యేదాకా కారు ఇంటికీ ఆఫీసుకీ మధ్యే తిరగాలి బాలా. ఉప్పాడ కుదరదు."

"ఎవరన్నారు?"

"నిబంధన."

"ఎవరు రాశారు?"

భీమశంకరం తల గోక్కున్నాడు.

"పోనీ ఆ రెక్క ఊడదీయించెయ్యండి. గొడవ వదిలిపోతుంది."

"తీసివేత కూడా ఉంది."

"అదెందుకు రాశారండీ? తీసేస్తే ఎవరికి నష్టం?"

"వాక్యం బోసిగా ఉందని."

"మీకు అన్నీ బోసిగానే కనిపిస్తాయి" అని బాల లోపలికి వెళ్ళిపోయింది.

వారం తిరక్కుండా కమిటీ వేశారు. అధ్యక్షుడు మండలి కార్యదర్శి ముక్తేవి పురుషోత్తమరావు. మనిషి చిన్నగా ఉంటాడు గానీ వాక్యాలు పెద్దవి. సాంకేతిక సభ్యుడు ఇంజనీరు వరప్రసాదం. ఆయనకి తెలిసింది మురుగు కాలవలు. మూడో సభ్యుడు తేజ, స్పాయిలర్ విషయంలో పూర్వానుభవం ఉన్న ఏకైక ఉద్యోగి కాబట్టి. కమిటీకి రాతకోతల బాధ్యత నిబంధనల విభాగానిది. అంటే ముద్దాయిదే.

పురుషోత్తమరావు గొంతు సవరించుకున్నాడు. "ఒక ఉపకరణము ఒక వాహనమునకు ఏల అమర్చబడును? ప్రయోజనము కొరకు. అది ప్రయోజనకారియైనచో, ఏ వేగమున ప్రయోజనకారి? ఇదియే ఈ కమిటీ ముందున్న మౌలిక, ప్రాథమిక, ఆధారభూత ప్రశ్న."

మూడు మాటలు విని భీమశంకరానికి, అంత దిగుల్లోనూ, మనసు హాయిగా అనిపించింది. అలా అనిపించినందుకు మళ్ళీ తనని తనే తిట్టుకున్నాడు.

సత్తిబాబుని సాక్షిగా పిలిపించారు. నూటపది దాటితే పనిచేస్తాదంటారని చెప్పాడు. రోడ్డు మీద ఎనభై దాటకూడదు కదా అన్నాడు వరప్రసాదం.

"అయితే దీనికి రెండే దారులు" అన్నాడు పురుషోత్తమరావు. "ఈ ఉద్యోగి దీనిని వినియోగించుకొనదలచెనా, చట్టోల్లంఘన చేయ తలపెట్టినవాడగును. శిక్షార్హుడు. వినియోగించుకొనదలచలేదా, ఇది నిరుపయోగము. నిరుపయోగమైన వస్తువు అలంకారము క్రింద వచ్చును. అలంకారమునకు మండలి ఎన్నడూ అడ్డు చెప్పలేదు. కావున ఉద్యోగి తన స్పాయిలర్ ఎందుకూ పనికిరాదని నిరూపించి, నిష్ప్రయోజకత్వ ధ్రువపత్రము పొందవలయును."

"పనికిరాదని నేను రాసిచ్చేస్తానండి, ఆయ్" అన్నాడు సత్తిబాబు.

"అమ్మినవాని మాట చెల్లదు" అన్నాడు పురుషోత్తమరావు.

పరీక్ష ఖాయమైంది. ఇంటికీ ఆఫీసుకీ మధ్యే ఉన్న బైపాస్ రోడ్డు మీద కారుని ఒకసారి స్పాయిలర్‌తో, ఒకసారి స్పాయిలర్ లేకుండా నడపాలి. తేడా లేకపోతే పనికిరాదన్నమాట. అంతా బాగానే ఉంది గానీ, లేకుండా నడపాలంటే ఊడదీయాలి. ఊడదీయడం తీసివేత. ఇంతసేపూ మూల కూర్చుని రాసుకుంటున్న భీమశంకరం తలెత్తాడు. పాపం, సాయం చెయ్యాలనే చెప్పాడు.

"దానిమీద ఒక దుప్పటి కప్పి, 'స్పాయిలర్ లేనట్లు భావించబడును' అని రాసుకుంటే సరిపోతుందండీ."

"భేష్!" అన్నాడు పురుషోత్తమరావు. భీమశంకరం మురిసిపోయాడు. ఇంతకన్నా వెర్రివాడు ఈ మండలంలో ఇంకొకడుంటే చూపించండి.

పరీక్ష రోజున కారులో నలుగురెక్కారు. భీమశంకరం నడిపాడు. స్పాయిలర్‌తో వెళితే, అంత బరువుకి కారు మూలుగుతూ అరవైరెండు దాకా వెళ్ళింది. తర్వాత గెస్టుహౌసు దుప్పటి తెచ్చి రెక్క మీద కప్పి, నాలుగు మూలలా తాళ్ళతో కట్టారు. బయల్దేరిన నిమిషానికి దుప్పటిలోకి గాలి దూరి బస్తాలా ఉబ్బింది. టపటపా కొట్టుకుంది. కారు యాభైఎనిమిది దాటనంది.

వరప్రసాదం రాసుకున్నాడు: "స్పాయిలర్ లేనప్పుడు 58. ఉన్నప్పుడు 62. స్పాయిలర్ వలన గంటకు నాలుగు కిలోమీటర్ల వేగము అధికమగుచున్నది."

"అయ్యా, అది దుప్పటి వల్లండీ!" అన్నాడు భీమశంకరం.

"ఏ దుప్పటి?" అన్నాడు పురుషోత్తమరావు. "రికార్డులో దుప్పటి అను పదము ఎక్కడను లేదు. స్పాయిలర్ లేదనియే ఉన్నది. రాసినది తమరే."

నిజమే. చక్కటి దస్తూరీతో రాశాడు కూడాను.

అలా స్పాయిలర్ పనికొస్తుందని తేలిపోయింది. ధ్రువపత్రం పోయింది. ఇంక శిక్ష ఖాయమని భీమశంకరం ఆ రాత్రి అన్నం సయించక లేచిపోయాడు. కానీ మర్నాడు పురుషోత్తమరావు నివేదికని రెండోసారి చదివి లేచి నిలబడ్డాడట. ఆ నెలాఖరున మండలిలో వేగవంత సేవా పక్షోత్సవాలు. చూపించడానికి మండలి దగ్గర వేగవంతమైనది ఒక్కటీ లేదు. ఇదిగో దొరికింది! చమురు అదనంగా తాగకుండా, మనిషి అదనంగా పనిచెయ్యకుండా నాలుగు కిలోమీటర్ల వేగం!

వెంటనే ఉత్తర్వు వచ్చింది. ముసాయిదా ఎవరిదో చెప్పక్కర్లేదు. మండలి జీపుకి స్పాయిలర్. మంచినీళ్ళ ట్యాంకరుకి స్పాయిలర్. చెత్త బండికీ స్పాయిలర్. అక్కడితో ఆగినా బావుండేది. కానీ "చక్రములు గల సమస్త సామగ్రికిని" అని ఉత్తర్వులో ఉంది. "వాహనములకు" అని రాస్తే మరీ పొట్టిగా ఉందని భీమశంకరం మార్చాడు. దాంతో ఫైళ్ళు తోసే బండికీ, కొండయ్య సైకిలుకీ కూడా వచ్చాయి. సైకిలుకి పెట్టిన రెక్క మీద కొండయ్య మనవరాలిని కూర్చోబెట్టుకుని తిప్పేవాడు. ఈ గొడవ మొత్తంలో బాగుపడింది ఆ పిల్ల ఒక్కతే. చివరికి సిబ్బంది కూర్చునే చక్రాల కుర్చీలకీ బిగించారు. వెనక్కి వాలితే వీపులో దిగబడేది. సిబ్బంది నిటారుగా కూర్చోవడం చూసి పురుషోత్తమరావు క్రమశిక్షణ పెరిగిందని రాసుకున్నాడు. సత్తిబాబు రెండో కొట్టు తెరిచాడు.

ప్రతి విభాగమూ వారం వారం వేగవృద్ధి నివేదిక పంపాలన్నారు. కొలత పద్ధతి పరీక్షలో వాడిందే. ముందు దుప్పటి కప్పి కొలవాలి, తర్వాత దుప్పటి తీసి కొలవాలి. మండలిలో దుప్పట్లకి కరువొచ్చింది. ఫైళ్ళ బండి మీద దుప్పటి కప్పితే ఫైళ్ళు కదల్లేదు. దుప్పటి తీశాక కూడా కదల్లేదు గానీ, కనిపించాయి. "గణనీయ ప్రగతి" అని రాసి పంపారు.

ఇంతకీ భీమశంకరం కారు ఏమైందంటారా? దాన్ని "మాతృకా నమూనా"గా ప్రకటించారు. మండలి గుమ్మం ముందు నాలుగు ఇటుకల దొంతుల మీద ఎక్కించి, చక్రాలు నేలకి తగలకుండా నిలబెట్టారు. చుట్టూ తాడు, పూలకుండీలు, ఒక బోర్డు. చూడవచ్చిన ఇతర మండళ్ళ అధికారులు ఆ రెక్కని కొలుచుకుని పోయేవాళ్ళు. కారుని ఇప్పుడెవరూ "ఆ పక్కది" అనడం లేదు. తేజ కారునే "ఆ పక్కది" అంటున్నారు. భీమశంకరం షేర్ ఆటోలో, డ్రైవరు పక్కన అరసీటు మీద వేలాడుతూ ఆఫీసుకొచ్చి, దిగి, ఒకసారి కారుని చూసుకుని లోపలికి వెళ్ళేవాడు. కోరుకున్నదంతా వచ్చింది. కారు తప్ప.

బాల ఏమీ అనలేదు. అదే భయం వేసింది ఆయనకి. తిడితే సంజాయిషీ చెప్పుకోవచ్చు. ఒక రాత్రి ఆవిడ నిద్రలో కాదు, మెలకువగానే, పైకప్పు వైపు చూస్తూ అడిగింది.

"సముద్రం చప్పుడు రోడ్డు మీదికే వినిపిస్తుందటగా? దిగక్కర్లేకుండానే?"

మర్నాడు భీమశంకరం ధైర్యం చేసి పురుషోత్తమరావు గదిలోకి వెళ్ళాడు. ఒక్క ఆదివారం కారు విడిపించమని అడిగాడు. మా ఆవిడకి సముద్రం చూపించాలి అన్నాడు.

"మీ ఆవేదన మా హృదయమును కదిలించినది" అన్నాడు పురుషోత్తమరావు. "దరఖాస్తు పెట్టుకొనుడు. నిబంధనల విభాగము పరిశీలించి తగు నిర్ణయము తీసుకొనును. ఆ విభాగము నిర్ణయములో నేను ఎన్నడూ జోక్యము చేసుకొనలేదు, చేసుకొనను."

దరఖాస్తు పెట్టుకున్నాడు. అది మధ్యాహ్నానికి ఆయన బల్ల మీదికే వచ్చింది. భీమశంకరం కళ్ళజోడు తుడుచుకుని చదివాడు. దరఖాస్తుదారుడు చాలా చక్కగా రాశాడు. ఇరవయ్యారేళ్ళ సంగతి ఉంది, పులిహోర సంగతి ఉంది. చదువుతుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నియమావళి మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తిరగేశాడు. నమూనాగా ప్రకటించిన వస్తువుని భార్యకి సముద్రం చూపించే నిమిత్తం విడుదల చేయవచ్చునని ఎక్కడా లేదు. ఉండదు మరి, ఆ పేజీలన్నీ ఆయన రాసినవే. కొత్తగా ఒకటి రాద్దామంటే, సొంత లబ్ధి కోసం నిబంధన రాయరాదన్నది రెండో నిబంధన.

ఆయన కలం తీసి రాశాడు. జీవితంలో అంత బాగా ఎప్పుడూ రాసి ఉండడు. "దరఖాస్తుదారుని ధర్మపత్ని యొక్క సముద్ర దర్శనాకాంక్ష మిక్కిలి ఉదాత్తము, సహజము, సమంజసము. అయినను నియమావళియందు తగిన ఆస్కారము లేమిచే దరఖాస్తు విచారపూర్వకముగా తిరస్కరించడమైనది."

కాగితం తపాలాలో పంపితే ఆలస్యమవుతుందని తనే ఇంటికి పట్టుకెళ్ళాడు. బాల వంటింటి గుమ్మంలో నిలబడి, తడి చెయ్యి చీరకి తుడుచుకుని, మొత్తం చదివింది.

"బాగా రాశారు" అంది. మడిచి ఆయన జేబులోనే పెట్టింది.

మర్నాడు గురువారం. పదకొండున్నరకి భీమశంకరం, దుప్పట్ల నిర్వహణపై ఉపనిబంధనలు రాస్తుండగా, ఫోను మోగింది. బాల. వెనకాల ఏదో హోరు.

"ఎక్కడున్నావ్ బాలా?"

"ఉప్పాడలో."

"ఉప్పాడా? ఎలా వెళ్ళావ్?"

"బస్సులోనండీ. కాకినాడలో ఒక బస్సు మారాలి. అంతే."

భీమశంకరం కలం కింద పెట్టాడు. ఒక బస్సు మారాలి, అంతే. ఎండా, వానా, ఆడిట్లూ, కారూ, రెక్కా, కమిటీ, ఇరవయ్యారేళ్ళు, ఇవన్నీ కలిపి ఒక బస్సు.

"వింటున్నారా?" అంది బాల. ఆవిడ గొంతు అంత పల్చగా, అంత చిన్నపిల్లలా ఉండగా ఆయనెప్పుడూ వినలేదు. "అలలు ఊరికే వస్తున్నాయండీ. ఊరికే పోతున్నాయి. ఎందుకొస్తున్నాయో, ఎందుకు పోతున్నాయో తెలీదు. దేనికీ పనికిరాదు. ఎంత బావుందో!"

"పాదాలు తడిశాయా?"

"మోకాళ్ళ దాకా" అంది. నవ్వింది. ఫోను పెట్టేసింది.

భీమశంకరం గదిలో ఒక్కడే కూర్చుని సిగ్గుతో చచ్చిపోయాడు. వేరే మాట లేదు దానికి. ఓరి వెర్రి వెంగళప్పా అని తనని తనే పైకే తిట్టుకున్నాడు. లేచి, గదిలోంచి, వరండాలోంచి, నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. పురుషోత్తమరావు కిటికీలోంచి "భీమశంకరం గారూ, ఆ ఉపనిబంధనలు?" అన్నా వినిపించుకోలేదు. గుమ్మం ముందు కారు దగ్గర ఎవరో అధికారులు టేపు పెట్టి కొలుస్తున్నారు. వాళ్ళ మధ్యలోంచి దారి చేసుకుని బయటపడ్డాడు. బస్టాండులో కదులుతున్న బస్సెక్కాడు. కాకినాడలో దిగి, ఉప్పాడ బస్సు అడిగి తెలుసుకుని ఎక్కాడు. సీటు దొరకలేదు. నిలబడే వెళ్ళాడు.

రెండు గంటలకి దిగేసరికి బాల ఒడ్డున రాళ్ళ గుట్ట మీద కూర్చుని, కాగితం పొట్లంలోంచి ఉడకబెట్టిన వేరుశనక్కాయలు ఒలుచుకుని తింటోంది. జరీ అంచు చీర మోకాళ్ళ దాకా తడిసి ఇసక పట్టింది. ఈయన చెప్పులు చేత్తో పట్టుకుని, చెమటలు కక్కుతూ వచ్చి పక్కన కూలబడ్డాడు. ఎదురుగా చూశాడు. అన్ని నీళ్ళు ఆయనా ఎప్పుడూ చూళ్ళేదు.

"ఇవాళ గురువారం కదండీ" అంది బాల.

"అవును."

"సెలవు పెట్టారా?"

"లేదు."

"పోనీ ఎవరికైనా చెప్పొచ్చారా?"

"లేదు. ఊరికే వచ్చేశాను."

బాల పొట్లం పక్కన పెట్టి, ఆయన నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.